నేను స్నేహశీలిని కాను

రిటైరైన మొదటి వేసవిలో మా అన్న కూతురు నా ఫోన్ తీసుకుని నన్నొక వాట్సాప్ గుంపులో చేర్చింది. చెన్నైలో ఉండే తెలుగువాళ్ళ గుంపు అది.

"సుమ్మా, ఊరికే ఇంట్లో కూర్చుని అవ్వతో పోట్లాడేదానికి బదులు నలుగురితో మాట్లాడు అత్తా," అంది.

ఆ నలుగురూ ఎవరో దానికీ తెలీదు. కోడంబాక్కంలో ఒక బడిలో సర్వీసంతా లెక్కలు చెప్పాను. పెళ్ళి చేసుకోలేదు. చింతాద్రిపేటలో ఒక మేడమీది వాటాలో మా అమ్మా నేనూ ఉంటాం. నా గురించి చెప్పడానికి ఇంతకు మించి ఏమీ లేదని అప్పటిదాకా నా అభిప్రాయం.

గుంపును నడిపేది ఒక రిటైర్డ్ ఇంజనీరు. కొత్తగా చేరినవాళ్ళు ముందు తమను తాము పరిచయం చేసుకోవాలని ఆయన పెట్టిన రూలు. స్వస్థలం, ఉద్యోగం, అభిరుచులు, నమ్మకాలు రాయాలి. నమ్మకాలట! పక్కింటావిడా మేమూ ఒకే గోడకు అటూ ఇటూ ఇన్నేళ్ళుగా ఉన్నాం. ఆవిడ నమ్మకాలేమిటో నేనెప్పుడూ అడిగింది లేదు. నీళ్ళ మోటారు ఎప్పుడు వేస్తుందో తెలిస్తే చాలు, కాపురాలు సాగిపోతాయి.

రాసేముందు మిగతావాళ్ళు ఏం రాశారో చూద్దామని కూర్చున్నాను. అందరూ స్నేహశీలులే. అందరికీ పుస్తకాలంటే ప్రాణం, పాటలంటే ప్రాణం, ప్రయాణాలంటే ప్రాణం. ఒక్కో మనిషికి ఇన్ని ప్రాణాలుంటే యముడు ఎన్నిసార్లని తిరుగుతాడు పాపం? ఒకావిడ ప్రకృతి ప్రేమికురాలు. ఆవిణ్ణి మురుగు కంపు కొట్టే మా కూవం నది ఒడ్డున ఒక్క నెల కాపురం పెట్టించి, ఆ ప్రేమ ఎంత మిగులుతుందో చూడాలనిపించింది. ఒక పెద్దమనిషి తాను నిత్య విద్యార్థినని రాసుకున్నాడు. ఎప్పటికీ విద్యార్థిగానే ఉండిపోయేవాణ్ణి మా బడిలో ఫెయిలైనవాడు అనేవాళ్ళం. ఇంకొకాయన లోపం అతి మంచితనమట. టీవీ సీరియల్ చూస్తానని చెప్పినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. మరి ఆ సీరియళ్ళన్నీ ఎవరు చూస్తున్నట్టు?

అన్నిటికంటే ఎక్కువ దణ్ణాలు పడింది ఒక వ్యాపారస్తుడి పరిచయానికి. 'నేను కులమతాలకు అతీతుణ్ణి. మానవత్వమే నా మతం.' దాని కింద జోడించిన చేతుల బొమ్మలు బారులు తీరి ఉన్నాయి, తిరుమల క్యూ మాదిరిగా.

నేను ఫోన్ పట్టుకుని అలా చూస్తూ ఉంటే మా అమ్మ పక్కకొచ్చి కూర్చుంది.

"ఎవురే వాళ్ళంతా?"

"తెలీదు."

"మొగమన్నా చూసిండావా?"

"లేదు. వాళ్ళకి నా గురించి చెప్పాలంట. నేను దేన్ని నమ్ముతానో రాయాలంట."

"గ్యాసు ఆర్పినానని నేను చెప్తేనే నమ్మవు, లేచి పోయి చూసొస్తావు. నీకేం నమ్మకాలుండాయని రాస్తావే?"

అది న్యాయమైన ప్రశ్నే. అందుకే ఉన్నదున్నట్టు రాశాను. 'నేను పుట్టింది ఈడే, చింతాద్రిపేటలో. లెక్కల టీచర్ని. స్నేహశీలిని కాను. మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు ఎవరైనా బెల్లు కొడితే నాకు కోపం. పుస్తకాలు చదవను. పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని లెక్కలు చేసుకుంటాను, సంతోషంగా ఉంటుంది. దేవుడి సంగతి ఇంకా తేల్చుకోలేదు. గుడికి మాత్రం పోతాను, పులిహోర బాగుంటుంది. కొత్తవాళ్ళను నేను తొందరగా నమ్మను. మీరూ నన్ను నమ్మే పన్లేదు.'

మొదట జవాబిచ్చింది ఇంజనీరుగారు.

'మేడమ్, ప్లీజ్ నోట్. ఈడే కాదు, ఇక్కడే. మన గ్రూపులో శుద్ధమైన తెలుగు మెయింటెయిన్ చేద్దాం. మీరు స్వస్థలం మెన్షన్ చేయలేదు.'

'రాశాను గదా. చింతాద్రిపేట.'

'అది నివాసం. నేనడిగేది మీ అసలు ఊరు.'

'మా తాత పుట్టింది ఈడ. ఆయన తాత మగ్గం వేసింది ఈడ.'

'అంతకు ముందు?'

'అంతకు ముందు సంగతి తెలీదండీ. వాళ్ళు ఎవరికీ పరిచయం చేసుకున్నట్టు లేరు.'

ఆయన నొచ్చుకున్నట్టుంది. చదువు రాని మా అమ్మ కూడా ఈ ఊళ్ళో ఆటోవాడితో అరవంలో బేరమాడి, పూలమ్మేదాంతో తెలుగులో పోట్లాడి గెలుస్తుంది. అలాంటి మాకు అసలు ఊరు వేరే ఎక్కడో ఉందని, దాన్ని వెతికి పట్టుకొచ్చి తనకు చూపించాలని ఆయన పట్టు.

మర్నాడు పొద్దున మానవత్వంగారి దగ్గర్నుంచి నాకు విడిగా మెసేజి వచ్చింది.

'నమస్తే మేడమ్. మీ పరిచయంలో నిజాయితీ కనిపించింది. చాలా నచ్చింది. ఏమీ అనుకోకపోతే ఒక మాట. మీరేమిట్లు?'

అర్థం కాక కాదు, కులం మాట ఆయన నోటితోనే అనిపిద్దామని అడిగాను. 'ఏమిట్లంటే?'

'అదేనండి, మనవాళ్ళేనా అని.'

కాపీ కొట్టినవాణ్ణి నేనెప్పుడూ గదిలోకి పిలిచి రహస్యంగా తిట్టలేదు. బోర్డు దగ్గరికి పిలిచి అదే లెక్క అందరి ముందూ చెయ్యమనేదాన్ని. పాత అలవాటు ఎక్కడికి పోతుంది? జవాబు గుంపులోనే పెట్టాను.

'మానవత్వమే మతమన్న పెద్దాయన మీరేమిట్లని నన్ను విడిగా అడిగారు. అందరికీ పనికొస్తుందని ఈడ చెప్తున్నా. మాది మానవత్వంలో ఏ శాఖో మా అమ్మకు గుర్తు లేదంట. ఆయన తమ శాఖ ముందు చెప్తే సరిపోల్చుకుంటాం.'

రెండు నవ్వు బొమ్మలు వచ్చి, నేను చూస్తుండగానే మాయమయ్యాయి. పెట్టినవాళ్ళకు భయమేసినట్టుంది. ఆ వెనకనే మానవత్వంగారు తనకు మహిళలంటే అపారమైన గౌరవమని, తన మాటను వక్రీకరించారని రాశారు. దానికి దణ్ణాలు పడ్డాయి. ప్రకృతి ప్రేమికురాలు పడేసింది, నిత్య విద్యార్థి పడేశాడు. వ్యక్తిగత విషయాలు బయటపెట్టడం గుంపు మర్యాదకు భంగమని ఇంజనీరుగారు తీర్పు చెప్పి, మధ్యాహ్నం భోజనాల లోపల నన్ను తీసేశారు.

నాకేమీ అనిపించలేదంటే అబద్ధం. అంతమందిలో ఒక్కరైనా 'ఆయన అలా అడిగాడా?' అని అడగలేదు. ముక్కూ మొహం తెలియని జనం అలా మూకుమ్మడిగా తలుపేసేస్తే ఇంత గుచ్చుకుంటుందని నేననుకోలేదు. అన్నంలో చారు పోసుకుని కలుపుతూ కూర్చున్నాను. అమ్మ నా మొహం చూసి, "పోనీలేవే, పీడ పోయింది," అని ఇంకో అప్పడం వేసింది.

సాయంత్రం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఆడమనిషి గొంతు.

"టీచరమ్మా, మాది మాధవరం. నేనూ ఆ గుంపులోనే ఉండాను. నీ నంబరు ఆడ చూసి రాసిపెట్టుకున్నా."

"చెప్పండి."

"నన్నూ అదే అడిగినాడమ్మా ఆ మనిషి. నేను చెప్పేసినా. ఆ పొద్దు నుంచి నాకు గుడ్ మార్నింగ్ కూడా పెట్టడం లేదు."

నాకు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. ఆవిడ మాత్రం మామూలుగానే ఉంది. "ఒకసారి మా ఇంటికి రాకూడదా?" అంది.

ఆ ఆదివారం బస్సెక్కి పోయాను. ఆవిడ టెర్మినస్‌లో నిలబడి ఉంది, నా ఈడుదే. మొగుడు పోయాడు, కొడుకు పాల డిపోలో పని. గుంపులో ఆవిడ పరిచయం నాకు గుర్తుంది: తోటపని, భక్తి సంగీతం. ఇంట్లోకి పోయి చూస్తే, పెయింటు డబ్బాలో సగం ఎండిన కరివేపాకు మొక్క తప్ప పచ్చనిదేమీ లేదు.

"తోటపని అన్నారే?" అన్నాను.

"అందరూ ఏదో ఒకటి రాసినారు గదమ్మా."

"భక్తి సంగీతం?"

"అది పక్కింట్లో పెడతారు. వద్దన్నా ఇనపడతాది."

"మరి మీకు నిజంగా ఏమిష్టం?"

ఆవిడ వాకిలి వైపొకసారి చూసి గొంతు తగ్గించింది. "నవ్వవు గదా? టీవీలో కుస్తీలు."

నేను నవ్వలేదు. ఇద్దరం కూర్చుని చూశాం. కొండంత మనుషులు ఒకర్నొకరు ఎత్తి పడేసుకుంటుంటే, ఆవిడ మంచం అంచుకు జరిగి, "విడాదే! విడాదే!" అని, వదలొద్దని అరవంలో కేకలు పెట్టింది. నాకు రూల్సు తెలీవు. నాకు చెప్పడానికి ఆవిడకు తీరిక లేదు.

అప్పటి నుంచి కుదిరినప్పుడల్లా పోతున్నాను. గుంపు కబుర్లు ఆవిడే చెప్తుంది. మానవత్వంగారిని గుంపుకు గౌరవ సలహాదారుగా వేసుకున్నారట, సమానత్వం మీద రోజుకొక సూక్తి పెడుతున్నాడట. మీరింకా ఆడ ఎందుకని అడిగితే, టిఫిన్ల ఫోటోలు బాగుంటాయంది. పోయిన ఆదివారం మేం చూస్తుండగా ఆవిడ నమ్ముకున్న నల్లచెడ్డీవాడు ఓడిపోయాడు. ఆ దిగులుతో ఆవిడ సాపాటు కూడా సరిగ్గా తినలేదు.