మామ అడిగిన మాట

హోసూరు బస్సు దిగి ఇంటికొచ్చిన ఎవరినైనా మా మేనమామ ముందుగా, “యాడా దెబ్బ తగల్లేదు కదప్పా?” అని అడిగేవాడు. “బస్సు దిగినాను మామా, బావిలో పడలేదు,” అని నేను నవ్వేవాణ్ణి.

కారణం ఆయన పోయాక అత్త చెప్పింది. తొంభైలలో ఒకనాడు, చక్రాలు బయటికి రాని చిన్న విమానం ఒకటి ఊరి పక్కనున్న రన్‌వే మీద దిగబోయి, అదుపు తప్పి మామ టమాటా తోటలోకి దూసుకొచ్చింది. అందరికంటే ముందు అక్కడికి చేరింది మామే. నుదుటి మీద నెత్తురుతో దిగిన పైలటును చూసి, “తోటంతా నాశనం చేసినావు కదప్పా,” అన్నాడట. ఆ అబ్బాయి చేతులు జోడించాడు. వంగి, విరిగిన మొక్కనొకదాన్ని నిలబెట్టబోయి అక్కడే కూలబడ్డాడు.

“ఆయప్ప బతికినాడు. మిగిలిన తోట కూడా బాగానే కాసింది,” అంది అత్త. “మీ మామ మాత్రం ఒక్క కాయ కోయనియ్యలేదు.”