భీమప్ప బండి కింది రేకు

భీమప్పకు బిగించడమే వచ్చు, ఊడదీయడం రాదు. ఈ మాట నేను అతని ముఖం మీదే చాలాసార్లు అన్నాను. అన్నప్పుడల్లా నవ్వేసి, "బిగించకుంటే బోరులో మోటరు నిలుస్తాదా టీచరక్కా?" అనేవాడు.

మా ఊరికి ఆలూరు దాటి లోపలికి పోవాలి. నేనిక్కడ అంగన్‌వాడీ టీచర్ని. మా ఇంటికీ భీమప్ప ఇంటికీ మధ్య ఒకటే గోడ. చుట్టుపక్కల ఊళ్ళ బోర్లలోకి మోటార్లు దింపడం, చెడిపోతే పైకి లాగడం అతని పని. అంత లోతున వేలాడే పైపులు ఒకదానికొకటి మరలతో కలుస్తాయి. ఒక్క జాయింటు జారినా పైపులూ మోటారూ కలిసి పాతాళానికి పోతాయి, రైతు నెత్తిన గుడ్డేసుకుంటాడు. అందుకని భీమప్ప మర చుట్టూ నూలు చుడతాడు. దాని మీద సఫేదా అనే తెల్లటి ముద్ద పూస్తాడు. తర్వాత మూరెడు పొడుగున్న పైపు పానా పట్టి, ఒంటి బరువంతా వేసి బిగిస్తాడు. ఎమ్మిగనూరు మగ్గాల దగ్గర మిగిలిన పోగులు తెచ్చుకుని ఉండలు చుట్టి సంచిలో పెట్టుకునే మనిషి. అతను బిగించిన జాయింటు జారిందన్న రైతును నేను చూడలేదు. ఆ సంగతి అతనికీ తెలుసు, అందుకే కాస్త గర్వం.

అతని భార్య జయమ్మ నాకు తోడబుట్టినదానికంటే ఎక్కువ. ఆమెకు రెండు కిడ్నీలూ పోయాయి. సోమవారం ఒకసారి, బేస్తవారం, అంటే గురువారం, ఒకసారి ఆదోనిలో డయాలసిస్. పొద్దున మొదటి వంతు ఆమెది. ఆ వేళకు మా ఊరి నుంచి బస్సు లేదు, షేరు ఆటోలు పొద్దెక్కితే తప్ప కదలవు. వేళ తప్పితే అక్కడ ఆమె కూర్చునే డయాలసిస్ కుర్చీ ఇంకొకరికి పోతుంది. వాళ్ళను అనడానికి లేదు, బయట కాచుకుని ఉన్నవాళ్ళదీ ప్రాణమే. ఒకసారి అట్లా వంతు తప్పినప్పుడు జయమ్మ ఒంట్లో నీరు చేరి, పడుకోలేక, గోడకు ఆనుకుని నోరు తెరిచి ఊపిరి కోసం ఎట్లా కొట్టుకులాడిందో నేను చూశాను. ఆ రోజు తలచుకుంటే నాకిప్పటికీ అన్నం సయించదు. అప్పటినుంచి భీమప్ప ఆమెను తన బండి మీదే తీసుకుపోతున్నాడు. వెనక సీటుకు ఇనప చువ్వలతో వీపు ఆనించుకునే చట్రం కూడా చేయించాడు.

ఇక ఆ రేకు సంగతి. మా ఊరి దారిలో రాళ్ళు పళ్ళికిలించి ఉంటాయి. ఒకసారి రాయి తగిలి బండి ఇంజను కింద సొట్ట పడింది. అంతే, భీమప్ప ఒక పాత స్టార్టరు డబ్బా తలుపు కోసి, ఇంజను కింద అడ్డంగా కట్టాడు. బాగానే ఉంది. కానీ కుదుపులకు దాని బోల్టులు రాలిపోతుండేవి. రెండుసార్లు ఊరుకున్నాడు. మూడోసారి పోయి బోల్టులూ నట్లూ కలిపి వెల్డింగు పెట్టించుకొచ్చాడు.

"ఇంక భూకంపమొచ్చినా కదలదక్కా," అన్నాడు, రేకు మీద చెప్పుతో తన్ని చూపించి.

ఆయిలు దింపే బోల్టు ఆ రేకు వెనకే ఉంటుందని నాకేం తెలుసు? తెలిసిన మనిషి అతనే. ముందుచూపు ఎక్కువైనవాళ్ళకు కాళ్ళ కింద గుంత కనపడదు.

అట్లా ఆయిలు మార్చకుండానే ఎన్ని నెలలు తిప్పాడో. పోయిన బేస్తవారం ఆదోని నుంచి తిరిగొస్తుంటే బండి వేడెక్కి దారిలో ఆగిపోయింది. చల్లారేదాకా జయమ్మ ఒక సేను గట్టు మీద కూర్చుంది. మరుసటి రోజు ఆలూరులో మెకానిక్ గోవిందన్న దగ్గరికి పోతే, ఆయన వంగి కిందికి చూసి తల పట్టుకున్నాడట.

"ఎవరప్పా ఇట్ల అతికినోడు? గ్యాసు పెట్టి కొయ్యాల. పెట్రోలు ట్యాంకు దింపల్ల. రెండు దినాలు బండి ఈడ ఇడిసిపెట్టు."

"సోమారం పొద్దున్నే ఆదోనికి పోవల్లన్నా, నా పెండ్లానికి."

"అట్లయితే నువ్వే రేకు పీక్కొని రా. ఆయిలు మార్సేది ఎంతసేపు, టీ తాగేలోపల అయిపోతాది."

రేకు పీకితే ఆయిలు మార్చడం తనకు రాదా అనుకున్నాడు భీమప్ప. ఆయిలు డబ్బా కొనుక్కుని వచ్చేశాడు. శనివారం పక్క ఊరి రైతు మోటారు బోరులో ఇరుక్కుంటే ఆ పనికి పోయాడు. మిగిలింది ఆదివారమే.

బేస్తవారం నుంచి సోమవారం దాకా ఎడం ఎక్కువ. ఆదివారానికి జయమ్మ కాళ్ళు ఉబ్బి, కళ్ళ కింద సంచులు దిగుతాయి. ఆ మధ్యాహ్నం ఆమె అరుగు మీద దిండుకు ఆనుకుని కూర్చుంది. వాకిట్లో భీమప్ప బండిని పక్కకు పడుకోబెట్టి రేకు మీద పడ్డాడు. నేను జయమ్మకు విసురుతూ కూర్చున్నాను.

మొదట రంపపు బ్లేడు పెట్టాడు. అది దూరే సందు లేదు. రేకుకూ ఇంజనుకూ మధ్య నల్లరేగడి బురద దిగి ఎండి ఇటుక అయింది. దాన్ని పొడిచి పొడిచి రాల్చాడు. తర్వాత ఉలి పెట్టి సుత్తితో కొట్టాడు. దెబ్బ పడ్డప్పుడల్లా జయమ్మ కళ్ళు మూసుకునేది. ఒక బోల్టు తెగడానికే ఎండ వాకిలి దాటి గోడెక్కింది. అతని పిడికిలి చెక్కుకుపోయి రక్తం కారుతుంటే బనీనుకు తుడుచుకుని మళ్ళీ కొట్టాడు.

"కొంచెం నీళ్ళు తాగు," అన్నాను.

"నీళ్ళు తాగితే దిగుతాదా ఇది?" అని నా మీద అరిచాడు. మళ్ళీ తనే, "తప్పయిందక్కా," అన్నాడు. ఆ మాట అని గోడ మీది ఎండ వైపు చూశాడు. అతనికి భయం పట్టుకుందని నాకు అప్పుడు తెలిసింది.

జయమ్మ మెల్లగా, "గోవిందన్నకు ఫోను సెయ్యరాదా?" అంది.

"ఆదివారం ఆయప్ప అంగడి తీడు. నువ్వు ఊరికుండు. అయితాది. అయ్యేదాకా నేను లెయ్యను."

పొద్దు వాలేవేళకు ఆఖరి బోల్టు తెగింది. రేకు వంకర తిరిగి, మట్టిపెళ్ళలతో సహా దబ్బున కింద పడింది. బండి నిలబెట్టి ఆయిలు దింపే బోల్టు తిప్పగానే తారులాంటి నల్లటి చమురు పళ్ళెంలోకి దిగింది. భీమప్ప నేల మీద చతికిలబడి పెద్దగా నవ్వాడు. జయమ్మా నవ్వింది. ఆ రోజుకు అదే మొదటి నవ్వు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. బోల్టు తిరిగి బిగించేటప్పుడు సంచిలోంచి నూలు ఉండ తీశాడు. మర చుట్టూ పోగులు చుట్టాడు, సఫేదా పూశాడు.

"ఇంజనుకు గూడా నూలు సుడతారా అప్పా?" అని అడిగాను.

"అంత లోతులోనించి వచ్చే నీళ్ళనే ఆపుతాది. గిద్దెడు ఆయిలు ఆపదా అక్కా?"

మామూలు పానా చాలదన్నట్టు పైపు పానానే అందుకున్నాడు. రెండు చేతులతో పట్టి, కాలు ఆనించి లాగాడు. టక్కుమని చిన్న చప్పుడైంది. ఒక్క క్షణం ఆగి చూశాడు. "కూసుండె," అన్నాడు. కొత్త ఆయిలు పోసి, ఇంజను ఆన్ చేసి చాలాసేపు అట్లాగే వదిలాడు. కింద వేలు పెట్టి రాసి చూశాడు. చుక్క లేదు. వంగిపోయిన రేకును గోడకు ఆనించి, దాన్ని తర్వాత చూసుకోవచ్చన్నాడు.

ఇనప పైపుకు చేసిన మర్యాద ఇంజనుకు చేశాడు. ఇంజను అడుగు అల్యూమినియం, దానికి అంత బలం ఓర్చుకునే శక్తి లేదు. ఆ టక్కు మర కూర్చున్నది కాదు, బోల్టు చుట్టూ లోహం చిట్లింది. చిట్లిన సందులో నూలూ సఫేదా నిండుకుని చుక్క బయటికి రానివ్వలేదు. ఇదంతా తర్వాత గోవిందన్న చెబితే తెలిసింది. ఆ సాయంత్రం మాత్రం వాళ్ళింట్లో పండగే.

సోమవారం ఇంకా మసక ఉండగానే బయలుదేరారు. జయమ్మ ముఖం ఉబ్బి, మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటోంది. నేను ఆమె చెప్పులు తొడిగి బండెక్కించాను. ఆ తర్వాత జరిగింది వాళ్ళిద్దరూ చెప్పిందే. భీమప్ప తన ఏడుపును దాటేసి చెప్పాడు కాబట్టి నేను జయమ్మ మాటే పట్టుకున్నాను.

ఆలూరు దాటారు. అటూ ఇటూ పత్తి సేన్లు తప్ప ఇల్లు లేని చోట జయమ్మకు కాలి దగ్గర సెగ తగిలింది. మాడిన వాసన వచ్చింది. బండి ఆపి చూస్తే ఇంజను అడుగంతా తడి, అతని పంచె అంచు తడి. వచ్చిన దారి పొడుగునా రోడ్డు మీద నల్లటి గీత. బోల్టు పక్కకు ఒరిగి ఉంది, దాని చుట్టూ నూలు ఉబ్బి బయటికి వేలాడుతోంది. చెయ్యి పెట్టి నొక్కబోయి చురుక్కుమని కాల్చుకున్నాడు. తువ్వాలు చింపి కుక్కాడు. కుక్కి ఏం లాభం, లోపల ఆయిలు ఉంటే కదా. డబ్బా ఇంటి దగ్గరే ఖాళీ చేసి పారేశాడు.

రోడ్డుకు అడ్డంగా నిలబడి చేతులూపాడు. ఒక పాల బండి ఎదురుదిక్కు పోయింది. ఒక లారీ హారను కొట్టి పక్కనించి తప్పుకుంది. ఊళ్ళో షేరు ఆటో తోలే బసన్నకు ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది. జయమ్మ రోడ్డు పక్క మోరీ గట్టు మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, నోటితో గాలి పీలుస్తోంది. భీమప్ప ఆమె ముందు నేల మీద కూలబడి తల బాదుకున్నాడు.

"నా సేత్తోనే సంపుకుంటినే నిన్ను! ఎవురు సుట్టమన్యారే నన్ను నూలు? నాకెందుకొచ్చెనే ఈ తెలివి?"

జయమ్మ అతని చెయ్యి పట్టి ఆపింది.

"ఏడ్సేది... తరవాత ఏడుద్దువులే. బండి స్టార్టు అయితాదా?"

"అయితాది. ఆయిలు ల్యాకుండా తోలితే ఇంజను లోపలంతా అతుక్కుపోతాది జయా. ఇంక పనికి రాదు."

"మరి నేను?"

ఆ ఒక్క మాట అడిగి అతని వంక చూసిందట. కోపం లేదు, నిష్ఠూరం లేదు, ఉత్తినే అడిగింది. భీమప్ప లేచి ఆమెను ఎత్తి బండి మీద కూర్చోబెట్టాడు. తువ్వాలులో మిగిలిన ముక్కతో ఆమె నడుమును చట్రానికి కట్టాడు. కిక్కు కొట్టాడు.

ఇంజను మొదట గరగరలాడింది. కాసేపటికి ఇనుమును ఇనుము కొరుకుతున్నట్టు అరవడం మొదలుపెట్టింది. ఆ బండి అతనికి ఉత్త బండి కాదు. పానాలూ గొలుసులూ మోసేది అదే, అతని కూడు అదే. దాని గొంతు మారుతున్నప్పుడల్లా అతని భుజాలు ముడుచుకుంటున్నాయని వెనక కూర్చున్న జయమ్మకు తెలుస్తూనే ఉంది. "ఈరన్నా, ఇంగొంచెం. ఉరుకుంద ఈరన్నా, ఇంగొంచెమే," అని దేవుణ్ణి మొక్కుకుంటూ గొణుగుతున్నాడు. ఆమెకు కళ్ళు బైర్లు కమ్మి తల అతని వీపు మీద వాలిపోతే, ఒక చెయ్యి వెనక్కి పెట్టి ఆమెను పట్టుకుని ఒంటిచేత్తో తోలాడు. పొగ కాళ్ళ మధ్యనించి పైకి లేస్తున్నా ఆపలేదు.

ఆదోని మొదట్లో, జిన్నింగు మిల్లుల దగ్గర, ఇంజను ఒక్కసారిగా బిగుసుకుపోయింది. వెనక చక్రం కీచుమని ఈడ్చుకుపోయి బండి ఆగింది. ఎట్లా పడకుండా నిలబెట్టాడో అతనికే తెలియదు. మార్కెట్టుకు టమాటా గంపలు వేసుకుని పోతున్న ఆటో ఒకటి ఆగింది. డ్రైవరు జయమ్మ ముఖం చూసి గంపలు దింపి రోడ్డు పక్కన పెట్టాడు. భీమప్ప ఆమెను మోసుకొచ్చి ఆటోలో పడుకోబెట్టాడు. బండిని అట్లాగే రోడ్డు మీద, తాళం చెవి దానికే వదిలేసి వెనక్కి తిరిగి చూడకుండా ఎక్కాడు.

ఆసుపత్రిలో అప్పటికే ఆమె పేరు ఒకసారి పిలిచి, రెండోసారి పిలుస్తున్నారట. సిస్టరు ఇద్దరినీ చూసి వెంటనే జయమ్మను కుర్చీలో కూర్చోబెట్టింది. ఎప్పుడూ ముందే చూసే బరువు కూడా తర్వాత చూద్దామని సూదులు గుచ్చి మిషను తిప్పింది. రక్తం గొట్టాల్లో పోయి రావడం మొదలైంది. ఆక్సిజన్ పెట్టారు.

భీమప్ప కుర్చీ పక్కన కింద కూర్చున్నాడు. అరచేతిలో పొక్కులు, గోళ్ళ నిండా నల్లటి చమురు, ఒంటి మీద మసిబారిన చొక్కా. కళ్ళు మాత్రం ఆమె ఛాతీ మీదే ఉన్నాయి. అది లేస్తోందా, దిగుతోందా, అంతే. చాలాసేపటికి ఆ లేవడం దిగడం నిదానమైంది. జయమ్మ కళ్ళు తెరిచి, మూతికి పెట్టిన ఆక్సిజన్ మాస్కును కొంచెం పక్కకు జరిపింది.

"బండి?"

"పాయ."

ఆమె కళ్ళ పక్కనించి నీళ్ళు చెవుల్లోకి జారాయి.

"బేస్తారం ఎట్ల వచ్చేదప్పా మనం?"

భీమప్ప ఆ మసి చేత్తోనే ఆమె పాదం పట్టుకున్నాడు.

"ఈ పొద్దు సోమారమే కదమ్మే," అన్నాడు.