మా అప్పల్నాయుడు సార్ నవ్వని జోకు

నిన్న పొద్దున్న షోరూమ్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్. "సార్ ఇక లేరు."

నేను నవ్వే బొమ్మ పెట్టాను.

ఇలాంటి వెధవ జోకులు వేసే హక్కు గ్రూపులో నాకొక్కడికే ఉంది కదా, ఎవడో కాపీ కొట్టాడనుకున్నాను.

వెంటనే బిల్లింగ్ సుజాతక్క ఫోన్. "నిజమేరా తమ్ముడూ. గుండెపోటు."

ముందు ఆ బొమ్మ డిలీట్ చేశాను.

అప్పల్నాయుడు గారు గజపతినగరంలో మా ట్రాక్టర్ షోరూమ్ మేనేజర్.

సుజాతక్కకు కొంచెం నత్తి. ఆమె ఫోన్ పెట్టేయగానే మా స్టార్ సేల్స్‌మన్ అచ్చం ఆమెలాగే మాట్లాడి చూపించేవాడు. రోజూ. జనం నవ్వేవారు. అక్క అద్దం వెనక తల దించుకుని బిల్లులు కొట్టేది.

ఒకరోజు రిజైన్ చేస్తానని సార్‌తో అంది.

మర్నాడు అక్క రాకముందే సార్ అందర్నీ పిలిచారు.

"నిన్న ఏటో నవ్వుకున్నారు. నాకూ సెప్పండి, నానూ నవ్వుతాను."

స్టార్ గారు నేల చూశారు. "ఊరికే, సరదాకి సార్."

"సరదా అయితే ఆయమ్మ కూడా నవ్వాలి గదేటి?"

తర్వాత నా వైపు చెయ్యి చూపించారు. "ఈడూ రోజంతా ఏదోటి వాగుతాడు. కానీ ఈడు ఎవుల మీద జోకేస్తే ఆల్లే ముందు నవ్వుతారు."

నా బీకాం కన్నా పెద్ద సర్టిఫికెట్ అది.

ఆ స్టార్ నాలుగు రోజులు ఊరుకుని మళ్లీ మొదలెట్టాడు. సార్ హెడ్డాఫీసుకి కంప్లైంట్ చేశారు. వాళ్లేమన్నారంటే, అక్కనే సాలూరు బ్రాంచికి పంపేయమన్నారు. వాడు బాగా అమ్ముతాడు కదా మరి.

సార్ ఫోన్లో అన్న మాట నేను విన్నాను. "ఏడిపించినోడు ఇక్కడ కుర్సీలో, ఏడ్సినమ్మ బస్సులోనా? అలగ అవదండీ."

సాలూరు వాడే వెళ్లాడు. అక్క ఉండిపోయింది.

అమ్మకాలు తగ్గాయి. అప్పట్నుంచి రోజూ సాయంత్రం హెడ్డాఫీసు ఫోన్. సార్ ట్రాక్టర్ల వెనక్కి వెళ్లి మాట్లాడేవారు. మాట్లాడటం ఏముంది, వినేవారు. అవతలి అరుపులు మా దాకా వచ్చేవి.

తిరిగొచ్చి, "ఏటోయ్, టీ తాగారా?" అని నవ్వేవారు.

మాకు అడ్డం నిలబడటానికి ఒక మేనేజర్ ఉన్నారు.

ఆయనకి అడ్డం నిలబడటానికి పైన ఒక్క మనిషి లేడు.

దీని కింద ఒక జోకు వేసి మిమ్మల్ని నవ్వించి పంపుదామని పొద్దుట్నుంచి కూర్చున్నాను సార్. రావట్లేదు.

వెళ్లి రండి. మీరున్న చోట ఎవరూ మీ మీద గొంతు ఎత్తకూడదు. మీ మనసుకి నెమ్మది దొరకాలి.