ఇరవయ్యో వరుస తర్వాత

మొన్న మా వీధిలో ఎవరో గోడకు పోస్టర్లు అంటిస్తుంటే ఉడికించిన మైదా జిగురు వాసన కిటికీలోంచి వచ్చింది. చేస్తున్న పని ఆపి అలాగే కూర్చుండిపోయాను. ఆ వాసన తగిలితే నాకు పోశెట్టి సార్ గుర్తుకొస్తారు. తొంభైల నడుమ, జైనూర్ కొండల్లోని గూడేలకు జ్వరం మందులు పంపే ఒక చిన్న కార్యాలయంలో ఆయన నా పైఅధికారి. నేను బెల్లంపల్లిలో కంప్యూటర్ నేర్చుకుని వచ్చిన కొత్త ఉద్యోగిని. అంతకుముందు మూడు ఆరోగ్య కేంద్రాల నుంచి వచ్చే రోగుల జాబితాలను సార్ ఒకదాని కింద ఒకటి మైదాతో అంటించి, చాపలా చుట్టి, మందుల బృందం చేతికి ఇచ్చేవారట. కంప్యూటర్ వచ్చాక కూడా ఆ జిగురు డబ్బా ఆయన బల్ల మీద నుంచి కదలలేదు.

రక్త పరీక్షలో మలేరియా తేలినవారి పేర్లు ఆ జాబితాల్లో ఉండేవి. నేను మూడింటినీ స్ప్రెడ్‌షీట్‌లో వేర్వేరుగా ఎక్కించి, నాలుగో చోట మూడూ ఒకే వరుసగా కిందికి దిగేలా ఫార్ములా రాశాను. ఏ కేంద్రం నుంచీ పదహారు పేర్లకు మించి వచ్చేవి కావు. అందుకని ఒక్కోదానికి ఇరవై వరుసలు కేటాయించాను. మొదటిసారి అచ్చు తీసి చూపించినప్పుడు సార్ మధ్యలో ఖాళీ వరుసల దగ్గర ఆగారు.

"గీ జాగా ఎందుకు ఇడిసినవ్ బిడ్డా?"

"ఎక్కువ పేర్లు వస్తే పడ్తయని సార్."

"ఇంకా ఎక్కువస్తే?"

"రావు సార్" అన్నాను.

ఆ వానాకాలం జ్వరాలు ముదిరాయి. రెండో కేంద్రం నుంచి ఇరవై మూడు పేర్లు వచ్చాయి. అన్నీ ఎక్కించాను, అచ్చు తీశాను, సార్ సంతకం పెట్టారు, బృందం కొండెక్కింది. ఐదు రోజుల తర్వాత సార్ అసలు కాగితాలను ఫైల్లో పెట్టబోతూ ఆగిపోయారు. "భీంబాయి అని ఒకామె ఉండె. ఎనిమిది నెలల కడుపుతోని ఉన్నదని నర్సు పక్కకు రాసింది. నీ లిస్టుల ఏది?" లేదు. ఆమెది ఇరవై ఒకటో పేరు. ఆమె తర్వాతి ఇద్దరి పేర్లూ లేవు. ఫార్ములా ఇరవయ్యో వరుసతో ఆగి మూడో కేంద్రానికి వెళ్లిపోయింది. తెర మీద ఎక్కడా తప్పని చూపలేదు.

సార్ అప్పటికప్పుడు జిల్లా అధికారికి ఫోన్ చేశారు. ఎవరి తప్పని అవతలి గొంతు గట్టిగా అడగడం నాకూ వినిపించింది. "లిస్టు మీద దస్కతు నాది సార్" అన్నారు. ఫోన్ పెట్టేసి, "జీపు తెమ్మన్న. నువ్వు గూడ రా" అన్నారు.

జీపు ఆగిన చోటు నుంచి బురదలో చాలా దూరం నడిచాం. భీంబాయి వాకిట్లో మంచం మీద గొంగడి కప్పుకుని పడుకుని ఉంది. కళ్లు గుంటలు పడ్డాయి. మాతో వచ్చిన నర్సు మందు ఇచ్చి, కడుపు మీద చెయ్యి ఆనించి, బిడ్డ కదులుతోందని చెప్పింది. ఆసుపత్రికి తీసుకుపోవాలంది. సార్ నన్ను ముందుకు పిలిచి, "ఏమైందో నువ్వే చెప్పు" అన్నారు. నేను మంచం పక్కన కూర్చున్నాను.

"లిస్టుల నీ పేరు నా చేతుల పోయిందక్కా. అందుకే మందు రాలే."

ఆమె నన్నే చూస్తూ, "ఇప్పుడు రాసినవా?" అని మాత్రం అడిగింది.

రాయలేదు. సార్ జేబులోంచి పెన్ను తీసి ఇచ్చారు. ఆమె చూస్తుండగా, వెంట తెచ్చిన అచ్చు జాబితా మీద మూడు పేర్లూ రాశాను. తర్వాత గూడెంవాళ్లు ఆమెను మంచంతో సహా జీపు దాకా మోశారు. మిగతా ఇద్దరికీ ఆ పూటే మందు అందింది.

మర్నాడు, "ఇరవై కాడ యాభై పెడ్త సార్" అన్నాను.

"యాభై ఒక్కమంది వస్తే? గట్ల గాదు. మొదటి కాయితంల ఎంతమంది ఉన్నరో ముందుగాల లెక్కపెట్టు. గంతమంది అయిపోయినంకనే రెండోది ఎత్తుకో. అదయినంక మూడోది. నేను మైదతోని చేసింది గదే."

కీబోర్డు ముట్టని మనిషి నాకు ఫార్ములా చెప్పారు. ప్రతి వరుసా ముందు తన సంఖ్య మొదటి జాబితాలోని పేర్ల సంఖ్యకు లోపల ఉందా అని చూసుకోవాలి. ఉంటే అక్కడి నుంచి పేరు తెచ్చుకోవాలి. దాటితే ఆ పేర్ల సంఖ్యను తన సంఖ్యలోంచి తీసేసి, మిగిలినదానితో రెండో జాబితాలో వెతుక్కోవాలి. అదీ దాటితే మూడోదాంట్లో. అది కుదరడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఖాళీ వరుసలు పోయాయి. సార్ పక్కన కూర్చుని మొదటి జాబితాలో ఉత్తుత్తి పేరొకటి చేర్చమన్నారు. కింద ఉన్నవాళ్లంతా ఒక్కో వరుస దిగారు, ఎవరూ పోలేదు. "ఇగ మంచిగున్నది" అన్నారు. ఆయన నోట నేను విన్న మెప్పు అదొక్కటే.

భీంబాయికి ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది, చాలా తక్కువ బరువుతో. ఇద్దరూ బతికారు. సార్ ఆ తర్వాతి ఏడాది రిటైరయ్యారు. ఇప్పుడు లేరు.

ఈ రోజుల్లో జాబితాలను ఒకదాని కింద ఒకటి పేర్చడానికి ఒక్క మాట ఫార్ములా చాలు. నా దగ్గర పనిచేసే పిల్లలు చిటికెలో చేసేస్తారు. నేను మాత్రం ప్రతి జాబితాలో చివరి పేరు మీద వేలు పెట్టి, కలిపినదాంట్లో అది ఎక్కడుందో వెతుకుతాను. పోయిన వారం కొత్తగా చేరిన అమ్మాయి, "అదే వస్తది గద మేడమ్, ఎందుకు చూసుడు?" అని అడిగింది.

"వస్తది. అయినా చూద్దాం, ఆయన ఉన్నడో లేడో" అన్నాను. నా వేలి కింద ఉన్నది ఎవరో ముసలాయన పేరు. కలిపిన జాబితాలో కింద దొరికింది. పైకి చదివి, అప్పుడు అచ్చు తీయమన్నాను.