పిలిస్తే వచ్చేవారు

"ఈడ కూడా బిడ్డ నాయన పేరు అడిగితే ఏం రాసేది?"

కొడుకు భరత్‌ను చంకనేసుకుని రాయదుర్గం జీన్స్ యూనిట్ గేటు దాటిన రోజు ప్రసూన భయం ఇదొక్కటే. బిడ్డ పుట్టకముందే వదిలిపోయినవాడి పేరు రాయడానికి ఆమెకు చెయ్యి రాదు. యూనిట్ పిల్లల గదిలో చోటు దొరక్కపోతే ఎమ్మెస్సీ చదివి తెచ్చుకున్న కంప్యూటర్ ఉద్యోగం నిలవదు.

అక్కడ డేటాబేస్ చూసే గంగాధరప్పకు ఒకటే పిచ్చి. ఏ కాలమ్‌కూ ఒంటిపేరు పెట్టనివ్వడు. పేరులో మాటకూ మాటకూ మధ్య కింద గీత ఉండాలి. నోటితో చెప్పినా ఆ గీతను గాల్లో వేలితో గీసేవాడు.

"ఉత్త తేదీ ఏందమ్మా? గుడ్డ వచ్చిన తేదీనా, లారీ ఎక్కిన తేదీనా?"

తప్పు పట్టడానికి లేదు. ఆయన రాకముందు ఒక కాలమ్ పేరు ఉత్త 'పొడవు'. ఒకరు అంగుళాలు కొట్టినారు, ఇంకొకరు సెంటీమీటర్లు. ఒక్కో కాల్లో ఒక్కో సంసారం పెట్టేంత ప్యాంట్లు తయారయినాయి. ఒకటి గేటు బయట ఉగ్గాని అమ్మే బండికి చాన్నాళ్లు పందిరిగా ఉండింది.

మధ్యాహ్నం ఆయనకు క్యారియర్ తెచ్చే భార్య ఈశ్వరమ్మ నవ్వేది. "నీళ్లు తెమ్మంటే తాగేవా, కాళ్లు కడిగేవా అంటాడమ్మా. దప్పికన్నా తీరుతాది గాని, ఆయప్ప అడిగేది తీరదు."

ప్రసూన, గంగాధరప్ప కంప్యూటర్లో పిల్లల గది వివరాలకు టేబుల్ కడుతుండగా యజమాని గురుమూర్తి వచ్చాడు. "తండ్రి పేరు పెట్టప్పా. అది నింపందే ముందుకు పోగూడదు."

ప్రసూన వేళ్లు కీబోర్డు మీదే ఆగిపోయాయి. గంగాధరప్ప అటు చూసి, యజమాని వైపు తిరిగాడు.

"దాంతో మనకేం పని సార్?"

"పనేముంది? అందరూ అడిగేదే కదా!"

"బిడ్డ ఏడిస్తే ఎవర్ని పిలుస్తాం?"

"వాళ్లమ్మనే. మిషన్ కాడే ఉంటాది."

"అయితే కాలమ్ పేరు అదే చెప్పల్ల." వేలు గాల్లోకి లేచింది. "పిలిస్తే... గీత... వచ్చేవారు."

"నీతో వాదులాడేలోపు లారీ పోతాది. ఏమన్నా పెట్టుకో పో!"

ప్రసూన అందులో తన పేరు కొట్టింది.

తర్వాతెప్పుడో పనివాళ్ల టేబుల్ తెరిస్తే, గంగాధరప్ప కట్టిందే, 'తండ్రి_పేరు' నిశ్చింతగా కూర్చుని ఉంది.

"మరి ఇదేందన్నా?"

ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "అది పాత తప్పులేమ్మా. పేరు పెట్టేముందు లోపలేముండాదో చూడల్ల. అప్పుడు నేను చూడల్యా."

ఇప్పుడాయన బెళుగుప్పలో సేద్యం చేసుకుంటున్నాడు. భరత్ బడికి పోనని నేలమీద పొర్లినప్పుడు, 'మొండోడు' అనే మాట ప్రసూన నాలుక చివరిదాకా వస్తుంది. ఆగి, ముందు లోపలేముందో చూస్తుంది. చాలాసార్లు ఆకలే ఉంటుంది.