షిట్జూ చూపు, అత్త బెల్లం ముక్క

మా అమ్మాయికి విశాఖలో ఉద్యోగమొచ్చింది. తను పెంచుకునే కుక్కని హాస్టల్లోకి రానివ్వరట. ఓ ఆదివారం బుట్టలో పెట్టి అనకాపల్లి తెచ్చి, "అమ్మా, ఇది షిట్జూ, మంచి జాతి. ఫ్లాటు దొరగ్గానే తీసుకుపోతాను" అని నా ఒళ్ళో పడేసి సాయంత్రం బస్సెక్కేసింది. ఔననలేదు, కాదనలేదు. నన్నడిగితే కదా!

కుక్కంటే కొత్తవాళ్ళొస్తే మొరగాలి. ఇది గేసు బండ తెచ్చినతని కాళ్ళ దగ్గర వెల్లకిలా పడుకుని పొట్ట చూపించింది. గురకలో మాత్రం మా ఇంటాయనకి పోటీ. కళ్ళలో పడే జుట్టు రోజూ దువ్వి రబ్బరు బేండు పెట్టాలి. నా కూతురికైనా ఇంత శ్రద్ధగా జడ వెయ్యలేదు. నేను వంటింట్లోకెళ్తే గుమ్మం దగ్గర, స్నానానికెళ్తే తలుపు దగ్గర. అందరూ కాపలాకి కుక్కని పెంచుతారు, కుక్కకి కాపలా కాసే ఖర్మ నాకు పట్టింది.

అసలు చావంతా దాని కళ్ళతో వచ్చింది. గోలీల్లాంటి కళ్ళు. ఎవరు నోట్లో ఏది పెట్టుకున్నా ఎదురుగా కూర్చుని రెప్ప వెయ్యకుండా చూస్తుంది. ఒకరు చూస్తుండగా తింటే దిష్టి, కడుపునొప్పి అంటారు కదా. వాళ్ళ చేతిలో ఓ ముక్క పెట్టేకే మనం తినాలి. ఆ పట్టింపు మా అత్తకి మరీ ఎక్కువ.

ఆవిడకి సుగరు. కాలి వేలి మీద పుండు నెలల తరబడి మానట్లేదు. ఇలాగే తీపి తింటే వేలు తీసెయ్యాల్సొస్తుందని డాక్టరు చెప్పేశాడు. వింటేనా! "బెల్లం ఊళ్ళో పుట్టి బెల్లం మానమంటే ఎలాగే?" అంటుంది. భోజనం అయ్యేక బెల్లం ముక్క పడాల్సిందే. మాడుగుల నుంచి ఎవరైనా వస్తే ఇంత హల్వా. డబ్బా ఎక్కడ దాచినా పిల్లి పాలు పట్టినట్టు పట్టేస్తుంది. కొడుకు బతిమాలేడు, నేను ఏడ్చేను, పోట్లాడేను. గోడకి చెప్పుకున్నా నయం.

ఒకరోజు కుక్క వాంతులు చేసుకుని వేలాడిపోయింది. ఆటోలో పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తేను. సూది వేసి, "నెయ్యి, తీపి ఎవరో పెట్టేరమ్మా. ఈ చిన్న ప్రాణానికి అరగవు. ఇంకోసారైతే నేనేం చెప్పలేను" అన్నాడు. తిరిగొస్తుంటే నా చేతి మీద తల వాల్చేసింది. ఎందుకో ఏడుపొచ్చేసింది, దాని మీద కూడా కోపమొచ్చింది.

ఇంటికొస్తూనే కేకలేశాను, హల్వా ఎవరు పెట్టేరని. మా అత్త కుర్చీలోంచి కదలకుండా, "నేనే పెట్టేను. అలా గుడ్లప్పగించి సూత్తంటే దానికెట్టకుండా మింగమంటావేటి? నాకు అరగొద్దా?" అంది.

"నీకు అరిగింది అత్తా, దానికే అరగలేదు. ఇంకోసారి పెడితే చచ్చిపోద్దంట."

"ఓలమ్మ!" అంది.

మర్నాడు భోజనం అయ్యేక మామూలుగానే డబ్బా తీసింది. ఇది నీరసంగా నడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుంది. నేను గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. "అవతలికి పోయే" అని మా అత్త కుక్కని కసిరింది. అది కదల్లేదు. తనే డబ్బా పట్టుకుని గదిలోకెళ్ళి తలుపేసుకుంది. ఇది తలుపు గీకుతూ కుయ్యి కుయ్యిమంది. కాసేపటికి మా అత్త బయటికొచ్చి, ముక్క డబ్బాలో పడేసి మూత పెట్టేసింది.

"దీని మొకం మండ! ఎడితే సత్తది, ఎట్టకపోతే నాకు గొంతు దిగదు."

అప్పట్నించీ భోజనం అయ్యేక దోసకాయ. ఆవిడకో ముక్క, దానికో ముక్క. ఇద్దరికీ కోసివ్వడం నా పని. తిట్టుకుంటూనే కోసేదాన్ని.

కొన్నాళ్ళకి డాక్టరు మా అత్త కాలు చూసి ఆశ్చర్యపోయాడు. పుండు ఎండిపోయింది. "మొత్తానికి మీ కోడలి మాట విన్నారు" అన్నాడు.

"కోడలి మాటెవుడిన్నాడు బాబూ? ఇంట్లో కుక్క సూత్తంది" అంది ఆవిడ.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళ నా నోరు, దాని చూపు పాటి చెయ్యలేదు! ఆ కోపంతోనే ఇంటికొచ్చి దాని జుట్టు దువ్వుతుంటే అమ్మాయి ఫోను చేసింది. ఫ్లాటు దొరికిందట, ఆదివారం వచ్చి కుక్కని తీసుకుపోతుందట.

పక్కన మా అత్త తన కాలు చూసుకుంటూ కూర్చుంది.

"రా, భోంచేసి వెళ్ళు. కుక్కని మాత్రం అడక్కు" అని ఫోను పెట్టేశాను.