వసుంధరగారి గదిలో చెప్పని మాట

ఈ ఉదయం బాల్కనీలో టొమాటో మొక్కకు పండిపోయిన ఆకులు గిల్లుతుంటే వేళ్లకు ఆ వాసన పట్టుకుంది. పచ్చిగా, ఘాటుగా, సబ్బుతో కడిగినా ఓ పట్టాన వదలని వాసన. నేనిప్పుడు కాలిఫోర్నియాలోని డబ్లిన్ అనే ఊళ్లో ఉంటున్నాను. రోజంతా కంప్యూటర్ ముందే పని, చేతికి ఏ వాసనా అంటని ఉద్యోగం. అమెరికాలోనే జార్జియా రాష్ట్రంలో ఉద్యోగం చేసిన రెండేళ్లు మాత్రం సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి నా చేతులు ఇలాగే ఉండేవి. అప్పుడు నేను వసుంధరగారి దగ్గర పనిచేసేదాన్ని.

మేముండే కమ్మింగ్ ఊరికి అరగంట దూరంలో, మొక్కల జబ్బులు పరీక్షించే చిన్న ల్యాబ్‌ను ఆవిడ నడిపేవారు. రైతులూ, ఇంటి వెనక తోటలు పెంచుకునేవాళ్లూ ఎండిన కొమ్మలు, మచ్చలు పడ్డ ఆకులు సంచుల్లో తెచ్చి ఇచ్చేవారు. ఆవిడది గుంటూరు వైపు. మిరప తెగుళ్ల మీద చదువుకుని, పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చి, ఇరవై ఏళ్లకు పైగా ఆ ఒక్క ల్యాబ్‌లోనే ఉండిపోయారు. నేను పదేళ్ల వయసులో అమ్మానాన్నలతో అమెరికా వచ్చినదాన్ని. బయాలజీలో డిగ్రీ అయ్యాక అక్కడ టెక్నీషియన్‌గా చేరాను. మొదటిరోజు అలవాటుకొద్దీ "ఆంటీ" అన్నాను. "ఆంటీని ఇంటి దగ్గర. ఇక్కడ వసుంధరని," అన్నారు. పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. చివరికి "వసుంధరగారు" దగ్గర ఇద్దరం రాజీపడ్డాం.

చేరిన నెలలోనే ఒక పెద్దావిడ కరివేపాకు మొక్కను కుండీతో సహా తీసుకొచ్చారు. ఆకులన్నీ పసుపెక్కి రాలిపోతున్నాయి. నేను గబగబా ఒక ఆకు తుంచి మైక్రోస్కోప్ వైపు నడిచాను. వసుంధరగారు మాత్రం కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నారు.

"నీళ్లెవరు పోస్తారండీ?"

"నేనే పోస్తా, పొద్దున్నే."

"సాయంత్రం?"

పెద్దావిడ కాసేపు ఆలోచించారు. "సాయంత్రం మా ఆయన అటే తిరుగుతుంటాడు. పోస్తాడేమో మరి, అడగలేదు."

"అడగండి. మీ మొక్కకి జబ్బేం లేదు, ఇద్దరూ కలిసి ముంచేస్తున్నారు."

ఆవిడ నవ్వుకుంటూ వెళ్లాక నాతో, "మైక్రోస్కోప్ ఎక్కడికీ పోదు హరిణీ. వచ్చిన మనిషి వెళ్లిపోతారు. ముందు మనిషిని అడుగు. మొదటి జవాబు దగ్గర ఆగిపోకు," అన్నారు.

ఇంకోసారి పీచ్ పండ్ల తోట రైతు ఒకాయన పంపిన కొమ్మల రిపోర్ట్‌లో నేనో తెగులు పేరు రాశాను. ఆవిడ సంతకం పెట్టకుండా కాగితం వెనక్కి తోశారు. "ఇది నీకు తెలిసిందా, అనిపించిందా?" అనిపించింది అన్నాను. "అయితే తెలియలేదని రాయి. నీకు అనిపించినదాన్ని నమ్మి ఆయన చెట్లు కొట్టేస్తాడు." నాకు చాలా చిన్నతనంగా తోచింది. అయినా రాశాను. ఆ తర్వాత వారం రోజులు ఇద్దరం ఆ కొమ్మల పరీక్షల మీదే కూర్చున్నాం. అంత ఇష్టంగా నేనింకెప్పుడూ పనిచేయలేదు.

రెండో ఏడు వసంతంలో కాలిఫోర్నియాలో పీహెచ్‌డీ ఆఫర్ వచ్చింది. సిఫారసు ఉత్తరం వసుంధరగారే రాశారు. అమ్మ ఆ సాయంత్రమే గులాబ్ జామ్ చేసి నాలుగిళ్ల వాళ్లను పిలిచింది. అంకుల్స్ అంతా "కంగ్రాట్స్, డాక్టర్‌గారూ" అంటుండగా, ఆ ఊపులోనే ఫోన్‌లో ఒప్పుకుంటున్నానని నొక్కేశాను. పది రోజుల తర్వాత, నాకు గైడ్‌గా ఉండబోయే ప్రొఫెసర్‌తో వీడియోలో మాట్లాడాను. మంచాయన. నా పని పూర్తిగా జన్యువుల డేటా మీదే ఉంటుందనీ, మొక్కలు వేరే బృందం చూసుకుంటుందనీ ఉత్సాహంగా చెప్పాడు. లాప్‌టాప్ మూశాక అర్థమైంది, అక్కడ నేను ఒక్క ఆకునూ ముట్టుకోను. ఆ వారమంతా అన్నం సయించలేదు. వద్దని రాయడానికి ఇంకా సమయం ఉంది. కానీ ఉత్తరం రాసిన మనిషికి ఏమని చెప్పను?

ఒకరోజు పొద్దున్నే ధైర్యం చేసి ఆవిడ గదిలోకి వెళ్లాను. ఏదో ఫైల్ చూస్తున్నవారు నన్ను చూసి మూసేశారు.

"ఏంటమ్మా?"

"ఏం లేదండీ. జులైలో వెళ్లాలి కదా, చివరి రోజు ఎప్పుడు పెట్టుకోవాలో అడుగుదామని."

ఆవిడ నా మొహంలోకి చూశారు. "ఇంకేమన్నా ఉందా?"

ఉండిపొమ్మనండి అని లోపల మనసు కొట్టుకుంటోంది. "లేదండీ," అన్నాను.

"మంచి చోటు. వెళ్లు," అన్నారు.

వెళ్లాను. మూడేళ్లు లాగి, మాస్టర్స్ పట్టాతో బయటపడి, ఇక్కడ ఒక కంపెనీలో చేరాను. పీహెచ్‌డీ వదిలేశానని వసుంధరగారికి మెసేజ్‌లో రాశాను, ఫోన్ చేయలేదు. వెళ్లమన్నది ఆవిడే కదా అనే కినుక నాలో ఉండేది. అది ఆవిడకు తెలియదు.

రిటైరై టెక్సస్‌లోని ప్లేనోలో కూతురి దగ్గరికి వెళ్లాక ఆవిడే ఒకసారి ఫోన్ చేశారు. తన తర్వాత ఆ ల్యాబ్ మూసేశారని చెప్పారు. "నువ్వు చివరి రోజు గురించి అడగడానికి వచ్చావు చూడు, ఆ ఫైల్ నీదే. నీకు పర్మనెంట్ పోస్ట్ అడిగితే ఆ వారమే అప్రూవ్ అయింది. చెబితే ఆగిపోతావని చెప్పలా," అన్నారు.

"ఆగమంటారేమోననే వచ్చానండీ ఆరోజు."

"చెట్లు తెచ్చినవాళ్లనైతే మూడుసార్లు అడిగేదాన్ని. నిన్ను ఒక్కసారి అడిగి ఊరుకున్నా," అన్నారావిడ.

తప్పు మీది కాదు అనాల్సింది. అనలేదు. "పర్లేదులెండి," అన్నాను, ఏదో నా కాలు తొక్కితే క్షమించినట్టు. పోయిన శీతాకాలం ఆవిడ కన్నుమూశారు.

కూతురు ఆ కబురు చెప్పిన వారానికి, అమ్మకు మొదటిసారి అంతా చెప్పాను. ఆ చదువు వద్దని వెళ్లకముందే అనిపించిందనీ, వారమంతా తిండి సయించకపోవడం ప్రయాణం కంగారు వల్ల కాదనీ. అమ్మ ఫోన్‌లో నెమ్మదిగా విన్నది.

"చెబితే మేమేమైనా కాదనేవాళ్లమా?" అంది.

అమ్మావాళ్లు కాదనేవాళ్లు కాదు. వసుంధరగారూ కాదనేవారు కాదు. ఆ సంగతి నాకు అప్పుడూ తెలుసు. అడ్డుకునేవాళ్లు ఎవరూ లేని చోట నేనెందుకు నోరు విప్పలేదో, ఇప్పటికీ నాకు తెలియలేదు.